ఏకగ్రీవం కాని ఒక ఓటు

2022 వేసవిలో నేనొక కాగితం మీద సంతకం పెట్టాను. అయిదుగురు సభ్యుల కమిటీలో నాది అయిదో సంతకం. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే 'కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది' అని.

అప్పట్లో నేను కాంట్రాక్టు అధ్యాపకురాలిగా పనిచేస్తున్న కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ అది. ఫిర్యాదు చేసింది ఒక పరిశోధక విద్యార్థిని. ఎవరి మీద, ఏమని అన్నవి బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. పెట్టను కూడా. ఇక్కడ నేను చెప్పుకోవలసింది నా గురించే. ఆ అమ్మాయి చెప్పింది నిజమని నాకు అనిపించింది. నిర్ణయం మాత్రం 'తగిన ఆధారాలు లేవు' అని వచ్చింది. నేను సంతకం పెట్టాను.

సంతకానికి ముందు మా కమిటీ అధ్యక్షురాలు నన్ను వరండాలోకి పిలిచారు. స్త్రీవాదం అనే మాటని నాకు పాఠంగా కాక ఒక జీవితంగా పరిచయం చేసిన మనిషి ఆమె. "యాజమాన్యం ఇప్పుడిప్పుడే మన మాట వింటోందమ్మా. ఈ ఒక్క కేసు దగ్గర పట్టుబడితే రేపు పదిమంది ఆడపిల్లలకి దారి మూసుకుపోతుంది. ఆలోచించు. జూన్‌లో నీ రెన్యువల్ కూడా ఉంది కదా" అన్నారు. ఆ గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే నా మీద ప్రేమ ఉంది. అందుకే కాదనలేకపోయాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రెన్యువల్ సంగతి మాత్రం చెప్పుకోలేదు.

గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే మెడ. పదిమంది తలలు ఊపినా ఊగే మెడ ఒక్కటే. ఈ మాటని ఎంత గౌరవంగా వాడతాం మనం! పంచాయతీ ఎన్నిక ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నజరానా ఇస్తాయి. ఊరి పెద్దలంతా రచ్చబండ దగ్గర కూర్చుని 'ఈసారి మహిళా రిజర్వేషను కదా, ఫలానావాళ్ల కోడలు' అని తేల్చేస్తే అదీ ఏకగ్రీవమే. ఆ కోడలు మెడ ఎటు తిరిగి ఉందో ఎవరూ చూడరు.

2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ల బిల్లు లోక్‌సభలో 454–2 ఓట్లతో, రాజ్యసభలో 214–0తో నెగ్గింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్న షరతు దానికి ఉంది. ఆ సందర్భంలో ఒక సదస్సులో 'చట్టసభల్లో స్త్రీలు' అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అప్పుడు జీనెట్ రాంకిన్ గుర్తొచ్చింది. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె పేరు ఒకే ఒక్క వాక్యంలో ఉంది. అదీ మరొకరి గురించి చెబుతూ. ఈసారి ఆమె గురించే చదవడం మొదలుపెట్టాను.

రాంకిన్ 1880లో మోంటానాలో మిసూలా దగ్గర పుట్టింది. అప్పటికి మోంటానా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. తల్లి పెళ్లికి ముందు బడిపంతులమ్మ. తండ్రి ఇళ్లు కట్టేవాడు, పశువుల్ని పెంచేవాడు. ఇంటికి పెద్దకూతురు. పెద్దకూతురంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా! 1902లో మోంటానా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. కొన్నాళ్లు పాఠాలు చెప్పింది, కొన్నాళ్లు బట్టలు కుట్టింది. తర్వాత న్యూయార్కు వెళ్లి సామాజిక సేవలో శిక్షణ పొందింది. అక్కణ్ణించి ఓటుహక్కు ఉద్యమంలోకి వచ్చింది. 1911లో మోంటానా శాసనసభ ముందు నిలబడి స్త్రీలకు ఓటు కావాలని మాట్లాడింది. ఆ సభలో మాట్లాడిన మొదటి స్త్రీ ఆమే. 1914లో మోంటానా స్త్రీలకు ఓటు వచ్చింది. ఆ మరుసటి ఏడు న్యూజిలాండ్ వెళ్లి, అక్కడి శ్రామిక స్త్రీల బతుకులు తెలుసుకోవడానికి కుట్టుపని చేసింది. 1916 నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థిగా అమెరికా ప్రతినిధుల సభకి ఎన్నికైంది. ఆ దేశ కాంగ్రెసులో అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆమె. దేశమంతటా స్త్రీల ఓటుని గుర్తించే రాజ్యాంగ సవరణ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. అంటే ఎన్నో రాష్ట్రాల్లో ఓటు వేయడానికి పనికిరాని స్త్రీ, దేశానికి చట్టాలు చేయడానికి వెళ్లింది.

1917 ఏప్రిల్ 2న ప్రమాణ స్వీకారం. అదే రోజు సాయంత్రం అధ్యక్షుడు విల్సన్ వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని కాంగ్రెసుని అడిగాడు. అక్కడ కూర్చోవడం కూడా అలవాటు కాకముందే ఆమె ముందుకొచ్చిన ప్రశ్న అది.

ఆ నాలుగు రోజులూ ఆమె మీద ఒత్తిడి ఎటునుంచి వచ్చిందో చదువుతుంటే నా చేతిలో పుస్తకం పక్కన పెట్టేయాలనిపించింది. తమ్ముడు వెల్లింగ్టన్ ఆమె ఎన్నిక ఖర్చు పెట్టుకున్నవాడు, ప్రచారం నడిపించినవాడు. యుద్ధానికి అవునను, లేకపోతే నీ రాజకీయ జీవితం ముగిసిపోతుంది అన్నాడు. ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు కారీ చాప్‌మన్ కాట్ అప్పటికే తమ సంఘం సేవలని ప్రభుత్వానికి అర్పిస్తానంది. స్త్రీలు దేశభక్తులని నిరూపించుకుంటే ఓటు వస్తుందని ఆమె లెక్క. ఈ పిల్ల కాదంటే ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసినట్టవుతుందని ఆమె భయం. కాట్ చెడ్డ మనిషి కాదు. ఆమె జీవితమంతా ధారపోసిన ఉద్యమం అది. పదిమంది ఆడపిల్లల దారి మూసుకుపోకూడదనే ఆమె కూడా అనుకుంది. ఆ మాట నేనెక్కడ విన్నానో మీకు చెప్పాను.

ఏప్రిల్ 6 తెల్లవారుజామున ఓటింగు జరిగింది. మొదటిసారి పేరు పిలిచినప్పుడు రాంకిన్ పలకలేదు. సభలో వృద్ధుడు జో కానన్ ఆమె దగ్గరికి వచ్చి, ఓటు వేయకుండా ఉండే వీలు నీకు లేదు, దేశంలోని స్త్రీలందరికీ నువ్వు ప్రతినిధివి అన్నాడట. రెండోసారి పిలిచినప్పుడు లేచి నిలబడింది. పేరు పిలిచినప్పుడు అవుననో కాదనో తప్ప మరో మాట చెప్పకపోవడం అక్కడి ఆనవాయితీ. ఆమె దాన్ని పక్కనపెట్టి, నా దేశం పక్షాన నిలబడాలనే ఉంది, కానీ యుద్ధానికి ఓటు వేయలేను అంది. 373 మంది అవునన్నారు. 50 మంది కాదన్నారు. ఆ యాభైలో 49 మంది పురుషులు.

మర్నాడు పత్రికలు ఏం రాశాయి? ఆమె ఏడ్చిందని. కన్నీళ్లు ధారగా కారాయని, మాట పెగల్లేదని. దగ్గరున్నవాళ్లలో కొందరు ఆమె ఏడవలేదన్నారు. ఆ రాత్రి కన్నీళ్లు పెట్టుకున్న పురుషులూ ఉన్నారు. న్యూయార్కు సభ్యుడు లాగార్డియాని రాంకిన్ ఏడ్చిందా అని అడిగితే, నా కళ్లలోనూ నీళ్లున్నాయి, నాకేం కనబడుతుంది అన్నాడట! అయినా ఆ 49 మంది ఓటు వాళ్ల అభిప్రాయంగా, రాంకిన్ ఓటు ఆడదాని బలహీనతగా చరిత్రలోకి ఎక్కాయి. పితృస్వామ్యం స్త్రీ ఓటుని లెక్కపెట్టడానికి ఒప్పుకున్న తర్వాత కూడా ఆమె కళ్లని చూస్తుంది, గొంతుని చూస్తుంది, వేసుకున్న బట్టల్ని చూస్తుంది. ఆమె చెప్పింది మాత్రం వినదు.

తర్వాతి రెండేళ్లలో ఆమె ఏం చేసిందో ఎంతమందికి తెలుసు? కరెన్సీ నోట్లు ముద్రించే ప్రభుత్వ కార్యాలయంలో స్త్రీలతో గంటల తరబడి పని చేయిస్తున్నారని తెలిసి విచారణ జరిపించి, ఎనిమిది గంటల పనిదినం అమలయ్యేలా చేసింది. 1917 జూన్‌లో మోంటానాలోని బ్యూట్‌లో స్పెక్యులేటర్ గని ప్రమాదంలో 168 మంది కార్మికులు చనిపోయారు. గని కార్మికులు సమ్మెకి దిగితే ఆమె వాళ్ల పక్షాన నిలబడింది. అనకొండ రాగి కంపెనీ అంటే మోంటానాలో ప్రభుత్వం మీద ప్రభుత్వం. దాన్ని ఎదిరించి నెగ్గుకొచ్చిన రాజకీయ నాయకులు అరుదు. ఆ కంపెనీకి వ్యతిరేకంగా బ్యూట్ వెళ్లి వేలమంది ముందు మాట్లాడింది.

1918 జనవరి 10న స్త్రీల ఓటుహక్కు సవరణ మీద చర్చ ప్రారంభించింది ఆమే. ప్రపంచంలో ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికని యుద్ధానికి వెళ్లిన కాంగ్రెసు, సొంత దేశంలో స్త్రీలకి ఈ కాస్త ప్రజాస్వామ్యం ఇవ్వనంటే ఏమని జవాబు చెబుతాం అని అడిగింది. ఆ రోజు సభలో 274–136తో నెగ్గిన సవరణ సెనేట్‌లో ఓడిపోయింది. 1919లో రెండు సభల్లోనూ నెగ్గి, 1920లో రాజ్యాంగంలో చేరింది. అప్పటికి రాంకిన్ సభలో లేదు. ఆ సవరణ తర్వాత కూడా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలలో అత్యధికులు పోలింగు కేంద్రం గడప తొక్కడానికి 1965 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 'స్త్రీలు' అనే మాటలో ఎవరెవరు ఉన్నారు అని అడక్కుండా ఏ విజయాన్నీ తలుచుకోలేం.

ఇంత చదివాక, రాంకిన్‌ని పూజగదిలో పెట్టేసి, నన్ను నేను బోనులో నిలబెట్టుకుని, సదస్సులో మంచి ఉపన్యాసం ఇచ్చేయవచ్చు. కానీ ఇంకొక పేజీ తిప్పితే అది కుదరదని తేలింది. 1917 డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధ ప్రకటన సభ ముందుకొచ్చింది. రాంకిన్ అవునంది! యుద్ధంలో ఇప్పటికే ఉన్నాం, ఇది లాంఛనం మాత్రమే అంది. ఆ రోజు సభలో కాదన్నది ఒక్కడే, సోషలిస్టు మేయర్ లండన్.

ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిది నెలలుగా పత్రికలు, పార్టీ, సొంత ఉద్యమం వెలివేసినట్టు చూస్తుంటే అలిసిపోయిందా? ఎన్నికలు దగ్గరపడుతున్నాయని భయపడిందా? అదొక్కటీ వదిలేస్తే మిగతా పనులు చేయనిస్తారని అనుకుందా? 'లాంఛనం' అనే మాట నాకు బాగా తెలుసు. సంతకం పెట్టే ముందు మనకి మనం చెప్పుకునే మాట అది. రాజీపడినా ఆమెకి ఒరిగిందేమీ లేదు. అప్పటిదాకా మోంటానా మొత్తం ఒకే నియోజకవర్గంగా ఇద్దర్ని ఎన్నుకునేది. శాసనసభ దాన్ని రెండుగా విడగొట్టి, డెమొక్రాట్లు బలంగా ఉన్న భాగంలో ఆమెని పడేసింది. 1918లో సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయింది.

తర్వాత ఇరవై రెండేళ్లు ఆమె ఏ సభలోనూ లేదు. 1919లో జ్యూరిక్‌లో జేన్ ఆడమ్స్ వాళ్లతో కలిసి స్త్రీల శాంతి మహాసభలో పాల్గొంది. తల్లుల, పసిపిల్లల ఆరోగ్యం కోసం ఆమె ప్రవేశపెట్టిన బిల్లు లాంటిదే 1921లో షెపర్డ్-టౌనర్ చట్టంగా వచ్చింది. దానికోసం బయటనుంచి ప్రచారం చేసింది. 1924లో జార్జియాలో కాస్త భూమి కొనుక్కుని, కరెంటు లేని ఇంట్లో ఉంటూ ఊరివాళ్లతో శాంతి గురించి మాట్లాడింది. పెళ్లి చేసుకోలేదు. 1940లో, అరవై ఏళ్ల వయసులో, మోంటానా ఓటర్లు ఆమెని మళ్లీ గెలిపించారు.

1941 డిసెంబరు 8. ముందురోజే పెరల్ హార్బర్ మీద జపాన్ దాడి. సెనేట్‌లో 82–0. ప్రతినిధుల సభలో ఆమె మాట్లాడతానని లేస్తే స్పీకరు అవకాశం ఇవ్వలేదు. పోనీ తటస్థంగానైనా ఉండమని తోటి సభ్యులు బతిమాలారు. స్త్రీగా నేను యుద్ధానికి వెళ్లలేను, వేరేవాళ్లని పంపడానికీ ఒప్పుకోను అంది. 388–1. గ్యాలరీల్లోంచి ఈసడింపులు. బయటికొస్తే చుట్టుముట్టిన జనం నుంచి తప్పించుకోవడానికి టెలిఫోన్ బూత్‌లోకి దూరి తలుపు వేసుకుంది. పోలీసులొచ్చి ఆమె ఆఫీసు దాకా తీసుకెళ్లారు. తమ్ముడు చెప్పిన మాట, మోంటానా నూటికి నూరుపాళ్లు నీకు వ్యతిరేకం అని. మూడు రోజుల తర్వాత జర్మనీ, ఇటలీల మీద ఓటింగులో ఆమె అవుననలేదు, కాదనలేదు. 'హాజరు' అని మాత్రం చెప్పింది. మళ్లీ ఎన్నికలకి నిలబడలేదు.

నిజం చెప్పాలంటే ఆ 1941 ఓటుతో నేను ఏకీభవించలేను. ఫాసిజం ముందు నిలబడి యుద్ధం వద్దనడం నాకు సాధ్యమయ్యే పని కాదు. స్త్రీ కాబట్టి శాంతి అనే వాదనా నాకు మింగుడుపడదు. ఆ రోజు సభలో అవునన్నవాళ్లలో స్త్రీలూ ఉన్నారు. కానీ ఆ సభ రికార్డులో ఆ ఒక్కటి ఉండటం అవసరమని గట్టిగా నమ్ముతున్నాను. ఒక సభ ఎంత ఆవేశంలో ఉన్నా కాదనే మాటని లెక్కలో రాసుకుంటేనే అది సభ. లేకపోతే మెడ ఒక్కటే.

రాంకిన్ మన దేశానికి 1946 నుంచి 1971 మధ్య ఏడుసార్లు వచ్చింది. గాంధీ పద్ధతుల్ని దగ్గరగా చూడాలని వచ్చింది కానీ గాంధీని కలవడం కుదరలేదు. 1968 జనవరి 15న, 87 ఏళ్ల వయసులో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా సుమారు అయిదువేలమంది స్త్రీలతో వాషింగ్టన్‌లో ఊరేగింపుగా నడిచింది. ఆ ఊరేగింపు పేరే 'జీనెట్ రాంకిన్ బ్రిగేడ్'. నా సిద్ధాంత గ్రంథంలోని ఒక్క వాక్యం దీని గురించే. అయితే అక్కడ నా దృష్టంతా ఆ రోజు విడిపోయిన యువతుల మీదే. తల్లులుగా, భార్యలుగా కన్నీళ్లతో అర్జీలు పెట్టుకోవడం ఇక చాలు అంటూ వాళ్లు 'సాంప్రదాయ స్త్రీత్వానికి' ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. సోదరీత్వమే శక్తి అనే నినాదం పుట్టింది ఆ సందర్భంలోనే. పదేళ్లుగా ఆ నినాదాన్ని క్లాసులో బోర్డు మీద రాస్తున్నాను. దాని వెనక నడుస్తున్న 87 ఏళ్ల మనిషిని ఒక్కసారీ చూడలేదు. ముందుతరం స్త్రీతో విభేదించడం మాకు నేర్పింది స్త్రీవాదమే. ఆ పాఠాన్ని 1968 గురించి రాయడానికి వాడుకున్నాను గానీ, 2022లో ఆ వరండాలో నిలబడ్డప్పుడు వాడుకోలేకపోయాను.

సదస్సు అయ్యాక ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె పరిశోధన మానేసి ఏడాది దాటింది. కమిటీ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవడానికి చట్టం ఇచ్చిన తొంభై రోజులు ఎప్పుడో గడిచిపోయాయి. ఆ కాగితంలో ఒక్క సభ్యురాలి భిన్నాభిప్రాయం రెండు వాక్యాలు ఉండి ఉంటే, ఆమె చేతిలో పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది. నేను కాదన్నా నిర్ణయం మారేది కాదు, 4–1 అయ్యేది, అంతే కదా అని అనుకుంటూ వచ్చాను. ఆ ఒకటి ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

నేను ఒప్పుకోకుండానే సంతకం పెట్టానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"నాకు తెలుసు మేడమ్. ఆ రోజు మీరొక్కరే నా మొహంలోకి చూడలేదు" అంది.

క్షమించమని అడగబోయాను. "అదొద్దు మేడమ్. ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసిస్తారా?" అంది. ఇంకో విశ్వవిద్యాలయంలో మళ్లీ చేరాలనుకుంటోందట. మధ్యలో ఎందుకు మానేశావని అడుగుతున్నారట. ఫిర్యాదు వివరాలేవీ లేకుండా, ఆ నిర్ణయంతో నేను ఏకీభవించలేదని, ఆ సంగతి అప్పుడే నమోదు చేయకపోవడం నా తప్పని రాసి, సంతకం పెట్టి పంపాను. దానివల్ల ఆమెకి సీటు వస్తుందో రాదో తెలియదు. మా అధ్యక్షురాలికీ ఒక కాపీ పంపాను. ఆమె నుంచి జవాబు రాలేదు. ఆమె మీద నాకు గౌరవం పోలేదు. ఆమె మౌనం నన్ను బాధపెడుతూనే ఉంది.

రాంకిన్ 1973లో, 92 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె మిగిల్చిన కొద్దిపాటి ఆస్తితో మొదలైన ఒక నిధి, ముప్పై అయిదేళ్లు దాటాక మళ్లీ చదువుకోవాలనుకునే పేద స్త్రీలకి సాయం చేస్తూ వచ్చింది. జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టే వీలుంటే ఏం చేస్తావని చివరి రోజుల్లో అడిగితే, అంతా ఇలాగే చేస్తాను, కాకపోతే ఈసారి ఇంకాస్త గయ్యాళిగా అందని చెబుతారు. ఇంగ్లీషులో ఆమె వాడిన మాటకి నాకు తోచిన తెలుగు ఇదే.

ఇప్పుడు పనిచేస్తున్న చోట ఈమధ్య ఒక సమావేశంలో మెజారిటీ నిర్ణయంతో నాకు పొత్తు కుదరలేదు. పెద్ద విషయం కూడా కాదు. నా భిన్నాభిప్రాయాన్ని మినిట్స్‌లో రాయమన్నాను. ఫార్మాట్‌లో దానికి చోటు లేదు మేడమ్ అన్నాడు టైపు చేసే అబ్బాయి. ప్రింటు తీసిన కాగితం తీసుకుని, సంతకాల కింద మిగిలిన ఖాళీలో చేత్తో రాశాను. నా చెయ్యి వణికింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. చదవడానికి వీలుగానే ఉన్నాయి.